ల్యాబ్‌కీ స్టేజీకీ దూరమెంత?

టూత్‌పేస్ట్ ఘనమా, ద్రవమా? నొక్కితే జారుతుంది, వదిలితే నిలుస్తుంది. పెయింట్, జెల్, బురదా అంతే. వీటి గుట్టు విప్పేదే సాఫ్ట్ మ్యాటర్ ఫిజిక్స్. ఈ రంగానికి బాట వేసిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త డి జెన్‌కు 1991లో నోబెల్ దక్కింది.

2024 జులైలో వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి వందల మంది చనిపోయారు. నానిన మట్టి ఎందుకు జారుతుందో ఈ శాస్త్రం వివరిస్తుంది. కొండ కింది ఊరికి ఆ ముప్పు అర్థం కావాలంటే మాత్రం రిసెర్చ్ పేపర్ చాలదు, నాటకం కావాలి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిజిక్స్, థియేటర్ ఆర్ట్స్ రెండూ ఉన్నాయి. సైన్స్, ఆర్ట్స్ మధ్య గోడలొద్దని 2020 జాతీయ విద్యావిధానమూ అంటోంది. అయినా రెండూ కలిపి అడిగే నోటిఫికేషన్లు అరుదే. కాబట్టి ముందు మీ సబ్జెక్టుపై పట్టు సాధించండి, స్టేజీని మాత్రం వదలొద్దు. మీ ప్రాజెక్టును ఊరివాళ్లకు పది నిమిషాల్లో ఆడి చూపించగలిగితే, ఇంటర్వ్యూ బోర్డు ముందు తడబడరు.