మూడవ తరగతి నెలపత్రము

పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము కార్మికవాడలలో ఉదయము ఆరు గంటల వేళ రాత్రి షిఫ్టు ముగించి కన్నులు మండుచుండ గదులకు మరలివచ్చువారును, పగటి షిఫ్టునకై టిఫిన్ డబ్బా చేతబట్టి పరుగిడువారును ఎదురుపడుచుందురు. వారి నడుమ నిదుర లేచి, తన తల తానే దువ్వుకొని, చెల్లెలి చేయి పట్టుకొని బడికి బయలుదేరు ఎనిమిదేండ్ల బాలిక ఈ నెలలో ఏమి నేర్వనున్నదో, ఆ బడిలో ఏ వేడుక జరుగనున్నదో కన్నవారికి ముందుగా తెలియవలెనని కోరుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఇది స్వల్పవిషయముగా తోపవచ్చును. ప్రభుత్వ పాఠశాలలలో నెలనెలా మూడవ శనివారమున తల్లిదండ్రుల సమావేశము ఏర్పాటైనది. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్య సంఘమున ముప్పాతిక వంతు సభ్యులు తల్లిదండ్రులో సంరక్షకులో కావలెనని శాసించినది. శాసనము సమంజసమే. కాని వారపు సెలవు అందరికిని ఒకే దినమున రాని ఈ సీమలో, షిఫ్టు మార్చుకొనుటకు సూపర్‌వైజరును నాలుగు దినములు ముందుగా బ్రతిమాలుకొనవలసిన తండ్రికి శుక్రవారము సాయంకాలము బిడ్డ తెచ్చు కబురు ఏమి ఉపకరించును? ఒక శనివారమున బడియొకదాని వరండాలో, డ్యూటీ బట్టలు మార్చకయే వచ్చిన తండ్రి ఒకడు, సమావేశము ముగిసి ఖాళీయైన కుర్చీలను చూచుచు నిలిచియుండగా కంటిని. అతడెవ్వరిని నిందింపలేదు. కూతురి నోటుపుస్తకమును అడిగి తీసికొని, తెలుగు చదువజాలని వాడగుటచే పుటలు మాత్రము ఒక్కటొక్కటిగా త్రిప్పి చూచి, మెల్లగా మరల అప్పగించెను.

కావున ప్రతి తరగతికిని నెల మొదటనే ఒక్క పుట పత్రము వెలువడవలెను. రానున్న పాఠములును, రానున్న దినములును అందుండవలెను. ఒడిశా, బీహారుల నుండి వచ్చిన కార్మికులును ఇచ్చట కలరు గనుక, తెలుగుతోబాటు హిందీలోను, ఒడియాలోను ఉండవలెను. చదువురాని వారికి అదే మాట ఎవరైన చదివి ఫోనున వినిపింపవలెను.

అంతకన్న ముఖ్యమైనది, పాఠమును పండుగయు ఆ పత్రమున ఒండొంటిని కలిసికొనుట. భాద్రపదమునే చూడుడు. వినాయక చవితి మరునాడు పశ్చిమ ఒడిశావారికి నువాఖాయి, అనగా కొత్త పంటను దేవతకు నివేదించి ఇంటిల్లిపాదియు ఆరగించు దినము. అదే మాసపు అమావాస్యనాడు మనకు ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు, గునుగు, బంతిపూలను వేరుపరచి లెక్కించు పిల్లలకు అంతకన్న వేఱు గణితపాఠమేల? ఆ వరుసలోనే ఒడియా బాలుడు తన యింటి కొత్త బియ్యపు ముచ్చట చెప్పినచో, తరగతిలో ఇంతవరకు మూగవలె కూర్చున్నవాడు ఒక్కనాటికైన గురువగును. కార్తిక శుద్ధ షష్ఠినాడు బీహారు తల్లులు చెరువు నీట నిలిచి సూర్యునకు అర్ఘ్యమిత్తురు. పరిసరాల విజ్ఞానమున నీటి పాఠము ఆ వారమున వచ్చుట ఎంత యుచితము!

నీటి పాఠమునకు ఇచ్చట ఉదాహరణములు కొఱతపడవు. బాలాఘాటు కొండలలో పుట్టిన మంజీర సంగారెడ్డి చెంత మొసళ్లకు ఆశ్రయమిచ్చుచు, హైదరాబాదునకు త్రాగునీరిచ్చినది. ఆ మంజీరలో కలియు నక్కవాగు పరిశ్రమల వ్యర్థములచే చెడినదను వ్యాజ్యము 1990లోనే సర్వోన్నత న్యాయస్థానమునకు చేరినది. ఈ రెండవ కథను పసివారికి చెప్పరాదను పెద్దలు కలరు. ఆ వాగు వాసన వారికి మనకన్న ముందే తెలియును. ఇక 1972లో పటాన్‌చెరున నెలకొన్న ఇక్రిసాట్ అను వ్యవసాయ పరిశోధన సంస్థ విత్తన నిధిలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మొదలగువాని నమూనాలు లక్షకు పైగా భద్రపఱుపబడియున్నవి. మధ్యాహ్న భోజనపు పప్పు ఏ గింజనుండి వచ్చినదో అడుగు పిల్లవానికి సమాధానము ఆ సంస్థ ప్రహరీగోడకు ఆవలనే కలదు. సంక్రాంతి వేళ జహీరాబాదు పల్లెలలో ఎడ్లబండ్లపై విత్తనములను ఊరేగించు పాత పంటల జాతరకు ఆ తరగతిని ఒక్క దినము తీసికొనిపోవచ్చును. జనవరి పత్రమున దీనికి చోటుండవలెను.

రెండు మూడు తరగతులను ఒక్కరే నెట్టుకొనివచ్చు ఉపాధ్యాయురాలిపై ఇది మరియొక బరువగునను ఆక్షేపణను నేను తేలికగా త్రోసివేయను. అచ్చు ఖర్చును, అనువాద శ్రమను మండల విద్యాధికారి కార్యాలయమే వహింపవలెను. ఆమె వ్రాయవలసినది పది పంక్తులే.

పత్రమును బడి గోడకు మాత్రమే అంటించిన చాలదు. కిరాణా కొట్టువద్దను, షేరింగ్ ఆటోలు ఆగుచోటను, కర్మాగారపు క్యాంటీను తలుపుపైనను అంటింపవలెను. ఆనాడు వరండాలో నిలిచిన తండ్రి నెల మొదటి దినముననే టీ త్రాగుచు దానిని చూచినచో, మూడవ శనివారపు డ్యూటీని సహచరునితో మార్చుకొనుటకు అతనికి అప్పటికింకను రెండు వారములైన వ్యవధి యుండును.