ఎండ కాదు, దూది నూగు

సంపాదకులకు,

మన ఎండలకు ఫ్యాన్ లేని చిన్న కంప్యూటర్లు పనికిరావని గత సంచికలో రాశారు. నేను ఒప్పుకోలేను. ఆదోనిలో ఓ పత్తి జిన్నింగు మిల్లులో లెక్కలు రాస్తాను. మాకు వేడి కంటే నూగుతోనే పెద్ద బాధ. పాత కంప్యూటర్ మూత విప్పితే, అల్యూమినియం రేకుల మధ్య నూగు దుప్పటి ముక్కలా పేరుకుపోయి ఉంది. ఫ్యాన్ గిర్రున తిరుగుతూనే ఉంది, గాలి దూరడానికి మాత్రం సందు లేదు.

తర్వాత ఫ్యాన్ లేనిది కొన్నాం. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్, 6 వాట్ల రకం. చిప్ వేడి పేస్టు గుండా నేరుగా డబ్బాకి చేరి, దాని రెక్కల మీంచి గాలిలో కలిసిపోతుంది. మే నెల మధ్యాహ్నం చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, నిజమే. లోపలి వేడి బయటికొస్తోందనేగా దానర్థం! ఆ చిప్ 105 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. మరీ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

వీడియో ఎడిటింగుకి ఇది చాలదన్న మీ వ్యాసకర్త మాట సబబే. బిల్లులకీ ఖాతాలకీ మాత్రం భేషుగ్గా సరిపోతుంది. బీరువాలో పెట్టి తలుపు మూయకూడదు, పైన ఫైళ్లు పేర్చకూడదు, అంతే.

— ఒక పాఠకుడు, ఆదోని