విశాఖను చూడడమంటే

ప్రతి సంవత్సరము డిసెంబరు వచ్చేసరికి మన కళాశాలలో విజ్ఞాన విహారయాత్ర ప్రస్తావన వస్తుంది. విశాఖపట్నము పేరు ముందుగా వినబడుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థులముగా అక్కడ రెండేండ్లు నివసించినవారము గనుక ఆ పేరు విని సంతోషిస్తాము. యాత్రాక్రమము చూచి నిరుత్సాహపడుతాము. కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, ఋషికొండ, మరునాడు అరకు. బస్సు దిగడము, ఫోటోలు తీయడము, బస్సు ఎక్కడము! దీనిని విశాఖను చూడడమని మేము ఒప్పుకొనలేము.

విశాఖ ఎత్తుపల్లముల ఊరు. అక్కడి దారులు మొదట కాళ్లకు తెలుస్తాయి, తరువాతనే కళ్లకు. పెద్దాసుపత్రికి టిక్కెట్టు అడిగితే కండక్టరు "పైనా, క్రిందా?" అనేవాడు. విజయవాడవారు సెంటరు అనేదానిని అక్కడ జంక్షను అంటారు. స్టేషనుకు వాల్తేరు పేరు పోయి దశాబ్దములు గడచినను పెద్దల నోట ఆ పేరే వినేవారము. ఇవన్నీ సిటీబస్సులో తిరిగినవారికే పట్టుబడే సంగతులు.

అసలు పట్టణము పాత పోస్టాఫీసు దగ్గర, వన్‌టౌను ఇరుకువీధులలో ఉన్నది. అక్కడ రేవుకాలువ ఒడ్డున మూడు గుట్టలు. ఒకదానిపై వేంకటేశ్వరుని కోవెల, ఒకదానిపై హజ్రత్ ఇస్‌హాక్ మదనీ దర్గా, ఒకదానిపై రాస్ హిల్ చర్చి. ఎదుట డాల్ఫిన్స్ నోస్ కొండ. 1933లో ప్రారంభమైన రేవులోనికి ఓడలు ఈ నడుమనుండియే వస్తాయి. దర్గా మెట్లపై కూర్చుండి ఓడ రాకను చూచిన సాయంకాలములు మాకు ఎన్నో. కొబ్బరికాయ పట్టిన అమ్మ, చాదర్ మడిచి పట్టిన పెద్దాయన, కొవ్వొత్తుల పొట్లముతో ఒక పిల్ల ఒకే షేర్ ఆటోలో దిగడము అక్కడ వింత కాదు. మన వ్యాసరచన పోటీలలో మతసామరస్యముపై వ్రాసే పెద్దమాటలు అక్కడ ఎవరికీ అవసరము కాలేదు.

తొందరపడవలసిన కారణము కూడ ఉన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినది. మరుసటి ఏడు వెళ్లినపుడు విశ్వవిద్యాలయ ప్రాంగణములో చెట్లను గుర్తుపెట్టుకొని నడచిన మలుపులు మాకు పోలిక తెలియలేదు. నీడ ఉండవలసిన చోట ఎండ. ఇక పాత వీధులలోని పెంకుటిండ్లు తుఫాను రాకుండగనే పోతున్నవి.

సంఘమువారు రక్షణ, సమయము అని అభ్యంతరము చెప్పవచ్చును. రక్షణ మాట న్యాయమే. పదిమందికి ఒక అధ్యాపకుడు చొప్పున నడిస్తే చాలును. కొండమీద అందరినీ ఒకేసారి వదలుటకంటె అది క్షేమము. సమయమంటారా, అరకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. రాకపోకలకే పగలు చాలవరకు గడచిపోతుంది. ఆ దినమును ఈసారి వన్‌టౌనుకు ఇవ్వవలెను. అరకు పేరు కొట్టివేయమన్నందుకు విద్యార్థులు మాపై అలుగుతారని తెలుసును. అలగనిండు. మెట్లు ఎక్కలేనివారికి పాత పోస్టాఫీసు దగ్గర టీ కొట్లున్నవి. వారికి తోడుగా మేము కూర్చుంటాము.