హార్మోనియం పెట్టెను తూకానికి అమ్మకండి

కరువు సీమలో ఇల్లు అమ్మి వెళ్లేవాళ్లు కొన్ని వస్తువులను అక్కడే వదిలేసి పోతారు. రోలు, తిరగలి, గింజల గాదె, పాత మంచం. నాటకాలు ఆడిన ఇళ్లలో అయితే హార్మోనియం పెట్టె కూడా. కొన్నవాళ్లకు అది అడ్డం. ఇల్లు బాగుచేయించే హడావుడిలో పాత సామాన్ల బండి వస్తుంది, చెక్క కింద, ఇత్తడి కింద తూకం వేసి పట్టుకుపోతుంది. ఇది ఆగాలి. ఎంత పాతదైనా హార్మోనియం బాగుపడే వస్తువు. మనకు కరువైంది దాన్ని బాగుచేసే చేతులు. ఆ చేతులను నిలబెట్టుకోకపోతే రాయలసీమ పద్యనాటకానికి ఊపిరి ఆగిపోతుంది.

పాత అనంతపురం జిల్లా కొత్తచెరువులో నేను కొన్న మట్టిమిద్దె వెనక గదిలో, ఖాళీ వేరుశనగ గోతాల కింద అలాంటి పెట్టె ఒకటి దొరికింది. చేత్తో తిత్తి ఊదే భజన హార్మోనియం కాదు, కాళ్లతో తొక్కే లెగ్ హార్మోనియం. తొక్కుడు పలకలకు కాళ్లు పోతాయి కాబట్టి రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి. నాటకం హార్మోనిస్టుకు ఇదే కావాలి. పాడేవాడు పద్యం చివర రాగం తీస్తుంటే, ఆయన వెనకే పరుగెత్తి అందుకోవాలి కదా.

మూత ఎత్తి చూస్తే లోపలివైపు పెన్సిలు రాతలు. కృష్ణుడు ఐదున్నర, అర్జునుడు నాలుగున్నర, కర్ణుడు ఐదు. ఎవరు ఏ శ్రుతిలో పాడతారో హార్మోనిస్టు రాసిపెట్టుకున్న పట్టిక అది. అంకె కొట్టేసి మరో అంకె వేసిన చోట్లు కూడా ఉన్నాయి. వేషగాడు మారాడో, వయసు మీదపడి గొంతు దిగిందో. మైకులు లేని రోజుల్లో ఆఖరి వరుసలో చాపమీద కూర్చున్నవాడికి వినపడాలంటే పై శ్రుతిలో పాడాల్సిందే. ఒక ఊరి గొంతులన్నీ ఎంత ఎత్తున పలికేవో చెప్పే ఇలాంటి పట్టిక ఏ గ్రంథాలయంలోనూ దొరకదు. తూకానికి పోయి ఉంటే పొయ్యిలో కట్టె అయ్యేది.

అమ్మినవాళ్లు బెంగళూరులో ఉంటారు. ఫోన్ చేస్తే ఆ ఇంటి ఆడబిడ్డ మాట్లాడింది. "మా జేజినాయన పెట్టె సార్ అది. ఈడ అపార్టుమెంటులో యాడ పెట్టుకుంటాం? వాయించేవాళ్లుంటే బాగుచేయించి ఇయ్యండి." అక్కర లేక వదిలేసిన వస్తువు కాదది. బోర్లు ఎండి, బతుకుతెరువు కోసం ఊరు విడిచినప్పుడు లారీలో చోటు చాలక ఉండిపోయింది. ఇంగ్లండులో, అమెరికాలో కూడా ఇల్లు మారేవాళ్లు మోయించే ఖర్చుకు జడిసి పాత పియానోలను వదిలేసి వెళతారు. పియానోలో రెండు వందలకు పైగా తీగలు టన్నుల కొద్దీ బిగువును మోస్తుంటాయి. అది చెడితే బాగుచేయడం పెద్ద ఖర్చు. హార్మోనియం అలా కాదు. దాని గొంతు ఇత్తడి రీడ్లు, ఊపిరి తోలు తిత్తి, ఒళ్లు చెక్క. మూడూ మన ఊళ్లో బాగుచేసుకోగలిగినవే.

మా నేల మీద ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే ఎక్కువ. ఈ ఎండకు చెక్క నెర్రెలిస్తుంది, తోలు బిరుసెక్కి మడత దగ్గర చీలుతుంది. అదే పొడిగాలి ఇత్తడికి మాత్రం మేలు చేస్తుంది. హార్మోనియాలు బాగుచేసే పెద్దాయన ఒకరు ధర్మవరం వైపు నుంచి వచ్చి పెట్టె విప్పి, ఒక రీడును ఊడదీసి నోటి దగ్గర పెట్టుకుని ఊదారు. ఖంగుమని పలికింది. "గొంతు బాగుండాది సార్. తిత్తి పోయిండాది, అంతే" అన్నారు.

తర్వాత ఆయన పని చూశాను. కొత్త తోలు కోసి, అంచులు పలచగా చెక్కి, మడత మడతకూ జిగురు పట్టించారు. ఎలుకలు కొరికిన చోట అతుకు వేయలేదు, ఆ ముక్క మొత్తం మార్చారు. మూగబోయిన రీడ్లలో చాలావాటికి రోగం దుమ్మే. నాలుక కింద పలచని కాగితం దూర్చి లాగితే మళ్లీ పలికాయి. శ్రుతి తప్పినవాటికి సన్న ఆకురాయి. నాలుక కొసన గీకితే స్వరం పైకి పోతుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. గీకిన ఇత్తడిని తిరిగి అతికించలేం కాబట్టి ఒక్క గీత గీసి, ఊది, విని, మళ్లీ గీస్తారు. పాలిష్ కోసం మూత లోపల కూడా ఉప్పుకాగితం పడతానన్నారు. వద్దన్నాను. పెన్సిలు రాతలు అలాగే ఉన్నాయి.

ఈ పని ఆయనతోనే పోతుందేమోనన్నదే నా భయం. కొడుకు బెంగళూరులో ఏసీ మెకానిక్కు. ఆ కుర్రాడిని తప్పుపట్టలేం. పని ఎప్పుడొస్తుందో తెలియని విద్యను నమ్ముకుని ఎవరు మాత్రం ఇల్లు నడుపుతారు?

ఈ నేలకూ నాటకానికీ ఉన్న బంధం చిన్నది కాదు. అనంతపురం 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగం. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో పుట్టారు. బళ్లారిలో సరస వినోదిని సభ పెట్టి తెలుగు నాటకాలు ఆడించారు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టినవారు. పక్కనున్న కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ఆడిన కీచకవధతో సురభి నాటక కుటుంబం మొదలైంది. 1840లో ప్యారిస్‌లో అలెగ్జాండర్ డెబేన్ పేటెంటు తీసుకున్న వాయిద్యం ఓడలెక్కి ఈ దేశానికి వచ్చి, చివరికి మన పల్లెల్లో కృష్ణరాయబారానికి ప్రాణమైంది.

సంగీత పెద్దలు దీన్ని తేలిగ్గా ఒప్పుకోలేదు. స్వరానికీ స్వరానికీ మధ్య జారే గమకం పలకదని, శ్రుతుల సూక్ష్మభేదాలు అందవని ఆలిండియా రేడియో 1940 మార్చి నుంచి హార్మోనియాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1971లో గానీ సడలలేదు. ఆ విమర్శలో నిజం ఉంది. కానీ ఆ మూడు దశాబ్దాలూ ఊళ్లలో నాటకం మాస్టరు వస్తూనే ఉన్నాడు. రైతులకు, కూలీలకు, చదువు రానివాళ్లకు కూడా పద్యం నోటికి నేర్పుతూనే ఉన్నాడు. శాస్త్రం కాదన్న పెట్టెను జనం కాపాడుకున్నారు.

ఇప్పుడు కీబోర్డులు వచ్చాయి కదా, ఈ పాత పెట్టెలెందుకని అడిగేవారున్నారు. కీబోర్డు వద్దనను. అయితే దాని లోపలి బోర్డు కాలిపోతే కొత్తది కొనడమే తప్ప మా ఊళ్లో మందు లేదు. నేను ఈ పెట్టెకు పెట్టిన ఖర్చు ఒక మామూలు కీబోర్డు ధరను మించలేదు. పైగా కరెంటు లేకపోయినా కురుక్షేత్రం నాటకం తెల్లారేదాకా నడుస్తుంది.

చేతివృత్తి చచ్చిపోక తప్పదన్న మాటకు మా పక్కనే జవాబు ఉంది. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు ఆటలు తగ్గినప్పుడు అదే తోలుతో దీపాల గొడుగులు, అలంకార బొమ్మలు చేసి నిలబడ్డారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. గుర్తింపు, శిక్షణ, కొనేవాళ్లు ఉంటే కళ బతుకుతుందని వాళ్లు చూపించారు. హార్మోనియం తిత్తికి వాడే మెత్తని తోలు వేరు, బొమ్మల తోలు వేరు. కానీ తోలు ఎండకు ఎలా బిగుస్తుందో తెలిసిన చేతులకు ఈ పని నేర్పడం కష్టం కాదు.

కాబట్టి నేను అడిగేవి మూడు. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో వాయించడంతో పాటు వాయిద్యం బాగుచేయడం కూడా పాఠంగా పెట్టాలి. ఈ పెద్దాయన లాంటివారిని గౌరవ వేతనం ఇచ్చి అక్కడికి పిలిపించాలి. నంది నాటకోత్సవాల్లో పద్యనాటకానికి విభాగం పెట్టిన ప్రభుత్వానికి ఆ నాటకం వాడే పనిముట్టును పట్టించుకునే బాధ్యత కూడా ఉంది. రెండోది, మండలానికొక గ్రంథాలయంలోనో ఉన్నత పాఠశాలలోనో బాగుచేసిన పెట్టె ఒకటి ఉంచి, నాటక బృందాలకు, భజన బృందాలకు, నేర్చుకునే పిల్లలకు అందుబాటులో పెట్టాలి. ఏటా ఒకసారి శ్రుతి సరిచేయించడానికి నిధి ఉంటే రిపేరు చేసేవాడికి ఖాయంగా పని దొరుకుతుంది, కొడుక్కి నేర్పడానికి ధైర్యం వస్తుంది.

మూడోది పాత ఇళ్లు కొనేవాళ్లకు, అమ్మేవాళ్లకు. పెట్టె కనబడితే ముందు మూత ఎత్తి చూడండి. రాతలుంటే ఫోటో తీయండి. ఇల్లు అమ్మినవాళ్లకు ఒక ఫోన్ చేయండి, ఊళ్లో హార్మోనిస్టును పిలిపించండి. మా ఇంట్లో దొరికిన పెట్టె ఇప్పుడు మా ఊరి నాటకం కుర్రాళ్ల దగ్గరుంది. వచ్చే ఉగాదికి కురుక్షేత్రం ఆడతామని సాధన మొదలుపెట్టారు. మీ ఊళ్లో కూడా పాడే గొంతులున్నాయి. వాటికి శ్రుతి ఇచ్చే పెట్టెను బండికెత్తకండి.