పేరు జహీరాబాద్‌ది, నక్షా ఎవరిది?



మొన్న జహీరాబాద్‌లో చాయ్ తాగుతుంటే ఒక బుజుర్గ్ నన్ను ఆపారు. "బేటా, నువ్వు అఖ్బార్‌లో పనిచేస్తవు కదా. మన ఊరి పేరు మీద పార్లమెంటు సీటు పెట్టిన్రు, సంతోషం. మరి మన ఊరి అసెంబ్లీ సీటుకు మనోడు నామినేషన్ కూడా ఎయ్యరాదంట. ఇదేం ఇన్సాఫ్?"

జవాబు నాకు తెలుసు. చెప్పడానికే సిగ్గేసింది.

2008లో అమల్లోకి వచ్చిన డీలిమిటేషన్‌తో జహీరాబాద్ లోక్‌సభ సీటు పుట్టింది. జుక్కల్, బాన్సువాడ, ఎల్లారెడ్డి, కామారెడ్డి, నారాయణఖేడ్, ఆందోల్, జహీరాబాద్: ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు. అప్పటి మెదక్ జిల్లా నుంచి మూడు, నిజామాబాద్ జిల్లా నుంచి నాలుగు కలిపి కుట్టిన బొంత ఇది. జహీరాబాద్ బీదర్ రైలు లైను మీద ఉంటే, కామారెడ్డి నిజామాబాద్ లైను మీద ఉంది. ఒక కొసన కన్నడం, ఇంకో కొసన మరాఠీ, అంతటా తెలుగు, ఉర్దూ. ఇంత పెద్ద దేహాత్ ఇలాఖాలో ఎంపీ దగ్గరికి అర్జీ పట్టుకెళ్లాలంటే గరీబోడికి ఒక రోజు కూలీ పోతుంది.

అసలు దెబ్బ ఇంకొకటి. అదే డీలిమిటేషన్‌లో అప్పటిదాకా జనరల్‌గా ఉన్న జహీరాబాద్ అసెంబ్లీని ఎస్సీ రిజర్వుడు చేశారు. 1999లో, 2004లో అక్కడ గెలిచి మంత్రి కూడా అయిన మహమ్మద్ ఫరీదుద్దీన్ సాబ్ 2009లో హైదరాబాద్‌లోని అంబర్‌పేటకు వెళ్లి పోటీ చేసి ఓడిపోయారు. కొత్త లోక్‌సభ సీటు జనరలే. అయినా 2009 నుంచి 2024 దాకా నాలుగు ఎన్నికల్లో ఒక్క ముసల్మానూ అక్కడ గెలవలేదు.

దళిత భాయిల హక్కు మీద నాకు రవ్వంత షికాయత్ లేదు. వాళ్ల సీటు వాళ్లకు దక్కాల్సిందే. నా సవాల్ హుకూమత్‌కు. ఎస్సీ జనాభా నిష్పత్తి ఎక్కువున్న చోట, సాధ్యమైనంత వరకు, ఆ సీట్లు ఉండాలని 2002 డీలిమిటేషన్ చట్టమే చెబుతోంది. ముస్లింలు ఎక్కువున్న సీట్లను ఎస్సీలకు రిజర్వు చేసి, ఎస్సీలు అంతకన్నా ఎక్కువున్న సీట్లను జనరల్‌గా వదిలేస్తున్నారని 2006లో సచార్ కమిటీ యూపీ, బీహార్, బెంగాల్ మిసాల్‌లతో రాసింది. పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే. తరతరాలుగా ఊరు ఊడ్చిన మెహతర్ ముసల్మానుకు ఆ సర్టిఫికెట్ రాదు. అంటే సీటు రిజర్వు అయిన రోజే మనలో అమీర్‌కూ గరీబ్‌కూ ఒకేసారి దర్వాజా మూసుకుపోయింది.

ఇప్పుడు నా గుణా ఒప్పుకుంటాను. ఆ ముసాయిదా వచ్చిన రోజుల్లో నేనొక పత్రిక డెస్కులో ఉన్నాను. అభ్యంతరాలు చెప్పండి అన్న వార్తను నా చేత్తోనే కోసి సింగిల్ కాలమ్ చేశాను. నక్షా విప్పి చూడలేదు. మా మహల్లాలో ఒక్కరికీ చెప్పలేదు. హద్దు, జిల్లా, నక్షా, అర్జీ... ఈ లఫ్జులన్నీ తెలుగుకు మన జబాన్ మోసుకొచ్చినవే. అర్జీ రాయాల్సిన రోజు మాత్రం మనం గఫ్లత్‌లో ఉన్నాం.

గెజిట్‌లో అచ్చయ్యాక కోర్టుకెళ్లినా దాదాపు ఫాయిదా ఉండదు. రాజ్యాంగంలోని 329వ అధికరణం అడ్డు నిలుస్తుంది. కమిషన్‌లో కూర్చునే పదిమంది ఎంపీలు, ఎమ్మెల్యేలకు ఓటు కూడా లేదు. మనకున్న మౌకా ఒక్కటే: ముసాయిదాకూ తుది ఉత్తర్వుకూ మధ్య దొరికే ఆ కొద్ది వారాలు.

84వ సవరణ వేసిన తాళం 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకానే. కాబట్టి జనగణనకు వచ్చేవాళ్లకు ఇంట్లో ప్రతి పేరూ రాయించండి, దుబాయ్‌లో, సౌదీలో ఉన్నవాళ్ల సంగతి అడిగి తెలుసుకొని మరీ. జుమా తర్వాత పది నిమిషాలు మండలాల నక్షా ముందర పెట్టి మాట్లాడుకోండి. చదువుకున్న బేటీలతో అర్జీ రాయించండి: ఏ మండలం ఎక్కడ కలవాలి, జనాభా ఎంత, ఎందుకు. బహిరంగ విచారణకు దళిత భాయిలతో కలిసి వెళ్లండి. వాళ్ల జనాభా ఎక్కువున్న చోట వాళ్ల సీటు వాళ్లకే కావాలని మనమే అడుగుదాం.

జహీర్ అంటే తోడు నిలిచేవాడు. ఈసారైనా మనకు మనం జహీర్ అవుదాం.

ఆ బుజుర్గ్‌కు బాకీపడిన జవాబు ఇదే.