వలసపక్షులకు జనవరి లెక్క ఒక్కటే చాలదు

నైరుతి రుతుపవనాలు తగ్గుముఖం పట్టే వేళకు కాకినాడ తీరానికి ఏటా కొత్త అతిథులు చేరుకుంటాయి. సైబీరియా నుంచి, మధ్య ఆసియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరివచ్చిన ఉల్లంకి జాతి పిట్టలు ఆటు వేళ బయటపడే బురద నేలల్లో పురుగులను, నత్తలను, చిన్న పీతలను ఏరుకుని తింటాయి. పోటు వచ్చినప్పుడు మెరక ఇసుక దిబ్బలపై సేదదీరుతాయి.

ఆసియా దేశాల్లో నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. దాని విలువ తక్కువేమీ కాదు. అయితే ఆ నెలకు పక్షులు శీతాకాలపు విడిదుల్లో స్థిరపడి ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇక్కడ కొద్దిరోజులు ఆగి, ఇంకా దక్షిణానికి సాగిపోయినవి ఆ లెక్కలోకి రావు.

శరత్కాలపు పరిశీలన మరో సంగతిని కూడా తెలియజేస్తుంది. కర్లూ శాండ్‌పైపర్ పక్షుల్లో పెద్దవి ముందుగా వస్తాయి. సంతానోత్పత్తి కాలపు ఇటుక రంగు వాటి ఈకలపై ఇంకా కొంత మిగిలి ఉంటుంది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు తరువాత వస్తాయి. ఆర్కిటిక్ ప్రాంతంలో లెమ్మింగ్ అనే ఎలుకజాతి జీవులు తగ్గిన ఏడాది నక్కలు పక్షుల గుడ్లపై, పిల్లలపై పడతాయి. ఆ శరత్తులో మన తీరాలకు చేరే పిల్లల సంఖ్య పడిపోతుంది. అందువల్ల ఒక్క ఏడాది తగ్గుదలను చూసి కలవరపడనక్కరలేదు. ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఏళ్ల తరబడి లెక్కించినప్పుడే అసలైన క్షీణత బయటపడుతుంది.

దక్షిణ కొరియా అనుభవం ఇందుకు నిదర్శనం. అక్కడి సేమంగుమ్ బురద నేలలను 33 కిలోమీటర్ల గోడతో 2006లో సముద్రం నుంచి వేరుచేశారు. ఆ తరువాత అక్కడ ఆగే గ్రేట్ నాట్ పక్షులు భారీగా తగ్గాయి. అవి వేరే చోటికి తరలిపోలేదని తేల్చడానికి సుదూర ఆస్ట్రేలియా తీరంలో క్రమం తప్పక సాగిన లెక్కలు తోడ్పడ్డాయి. అంతరించే ప్రమాదమున్న జాబితాలోని ఈ పక్షి కాకినాడ తీరంలోనూ కనిపిస్తుంది.

గోదావరి ముఖద్వారం వద్ద కోరింగ అభయారణ్యం 1978 నుంచి ఉంది. కానీ దాని సరిహద్దులు పక్షులకు తెలియవు. ఓడరేవు, పరిశ్రమలు, రొయ్యల చెరువులు తీరాన్ని పంచుకుంటున్నాయి. ఎగువ ఆనకట్టల వల్ల బురద నేలలకు ఆధారమైన ఒండ్రు తగ్గింది. కొత్త నిర్మాణానికి ముందు జరిపే పర్యావరణ అధ్యయనం వేసవికే పరిమితమైతే, అప్పటికి చాలా పక్షులు ఉత్తరానికి వెళ్లిపోయి ఉంటాయి. అప్పుడు నిండైన మేతభూమి కాగితాలపై బీడుగా కనిపిస్తుంది.

మధ్య ఆసియా వలస మార్గంలోని పక్షుల కోసం మన దేశం 2018లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. 2024లో సమర్‌ఖండ్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు ఈ మార్గానికి ఉమ్మడి కార్యక్రమాన్ని ఆమోదించి, సమన్వయ బాధ్యతను భారత్‌కు అప్పగించింది. ఆ బాధ్యత నెరవేరాలంటే ఆగస్టు నుంచి నవంబరు దాకా తీరంలో క్రమబద్ధమైన లెక్కలు సాగాలి. అటవీ సిబ్బందికి కళాశాల విద్యార్థులు, ఆటుపోట్లు ఎరిగిన మత్స్యకారులు తోడైతే అది కష్టమైన పని కాదు. తీరంపై నిర్ణయాలు తీసుకునేవారి ముందు ఆ లెక్కలు ఉండటం అవసరం.