ఇంటి కంప్యూటరు: అప్డేటు పిదప డిస్కులో వచ్చు మార్పులు

ఇల్లాలికి తన యింటిలో ఏ వస్తువు ఎచ్చట నున్నదో ఒకరు చెప్పనక్కఱలేదు. చీకటిలో చేయి చాచినను ఉప్పు జాడీ యేదో, చింతపండు కుండ యేదో ఆమెకు తెలియును. అట్టి యిల్లు ఒక రాత్రి నిద్రించి లేచునప్పటికి గోడలు జరిగి, ఎన్నడును ఎఱుగని గది యొకటి వెలసి, కొట్టుగదిలో చోటు తగ్గినచో ఆమె మనస్సెట్లుండును? నేడు పెక్కిండ్లలో నున్న కంప్యూటరు విషయమున ఇట్టి యనుభవమే తఱచుగా కలుగుచున్నది. రాత్రి అప్డేటు చేయుదునా యని యంత్రమడుగును, సరేయని నొక్కుదుము. తెల్లవాఱి చూచునప్పటికి డిస్కులో ఖాళీ తగ్గియుండును. లేదా ఎప్పుడును వినని పేరుగల వాల్యూమొకటి కనబడును. పిల్లల ఫొటోలు, పెండ్లి వీడియోలు, పొలము కాగితముల నకళ్లు, బ్యాంకు రసీదులు అన్నియు అందే యుండుటచే గుండె జల్లుమనును. కొందఱు తొందరపడి ఆ క్రొత్తదానిని చెఱిపివేయుదురు. అప్డేటు చేయని నష్టము పలుమార్లు ఆ తొందరపాటు చేయును. కావున ఈ మాసము ఈ విషయమునే మా సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

వాల్యూమనగా నేమి?

డిస్కు స్థలము, వాల్యూము ఆ స్థలములో గట్టిన వాటా. పెద్ద లోగిలిని అన్నదమ్ములు పంచుకొని వాటాలుగా కాపురముండునట్లు, కంప్యూటరు ఒకే డిస్కును కొన్ని వాటాలుగా చేసికొనును. వీనిలో కొన్ని మన వస్తువులకు. కొన్ని యంత్రము తన పనికై యుంచుకొన్నవి. రెండవ తరగతివి సాధారణముగా మన కంటబడవు. అప్డేటనగా ఆ యంత్రమును నడపు వ్యవస్థ, అది విండోస్ కానిండు, మాక్ ఓయస్ కానిండు, తన్ను తాను తిరిగి కట్టుకొనుట. ఇల్లు తిరుగగట్టునప్పుడు గోడలు జరుగుట వింత కాదు. అంతవఱకు మఱుగున నున్న వాటా యొక్కొక్కప్పుడు బయటబడుటయు వింత కాదు. మన వస్తువులు పోయినవా లేక గోడలు మాత్రమే జరిగినవా యనునది తెలిసికొనవలసిన మొదటి సంగతి.

ఒక పేరు, రెండు వాటాలు

దీనికి మంచి యుదాహరణము 2019 అక్టోబరులో ఆపిల్ సంస్థ వెలువరించిన మాక్ ఓయస్ కాటలీనా. అంతకు ముందు మాక్ కంప్యూటర్లలో వ్యవస్థకు సంబంధించిన ఫైళ్లును, ఇంటివారి ఫైళ్లును ‘మాకింటాష్ హెచ్‌డి’ యను ఒకే వాల్యూములో నుండెడివి. కాటలీనా వచ్చి ఆ యింటిని రెండు చేసినది. వ్యవస్థ యొక వాల్యూములోను, మన ఫైళ్లు ‘మాకింటాష్ హెచ్‌డి – డేటా’ యను మఱియొక వాల్యూములోను చేరినవి. మొదటిది చదువుటకే గాని వ్రాయుటకు వీలులేనిది. మడి కట్టుకొనక దేవతార్చన గదిలో నెవ్వరును అడుగిడరానట్లు, అప్డేటు తప్ప మఱే ప్రోగ్రామును అందులో చేయి పెట్టరాదు. దుష్ట ప్రోగ్రాములు గాని, మన పొరబాటు గాని వ్యవస్థను చెఱుపకుండుటకే ఈ యేర్పాటు. 2020 నవంబరులో వచ్చిన బిగ్ సర్ ఆ గదికి ముద్ర కూడ వేసినది. లోపల అక్షర మొక్కటి మాఱినను ముద్ర చెడి యంత్రమునకు తెలియును.

నిత్యము ఫైళ్లు చూచుకొనునప్పుడు ఈ రెండు వాటాలును ఒకే యిల్లుగా కనబడును. ‘డిస్క్ యుటిలిటీ’ యను పనిముట్టు తెఱచినప్పుడు మాత్రము విడివిడిగా కనబడును. అప్పుడు ఒకే పేరు రెండు మార్లుండుట చూచి, రెండవది వ్యర్థపు నకలని తలచి చెఱిపినచో, చెఱిపినది నకలు కాదు, ఇంటి భోషాణమే.

అచ్చట లెక్క కూడ కొంత మోసపుచ్చును. ఆపిల్ వారు 2017లో ప్రవేశపెట్టిన ఏపీఎఫ్ఎస్ పద్ధతిలో, ఒకే ఆవరణలోని వాల్యూములన్నియు ఖాళీస్థలమును ఉమ్మడిగా వాడుకొనును. రెండు వాటాలకు పెరటిలో ఒకటే నూయి యున్నట్లు. ఒక వాల్యూమున 200 గిగాబైట్లు ఖాళీయని, రెండవదానను 200 ఖాళీయని కనబడినచో మొత్తము 400 కాదు. ఆ 200 మాత్రమే. ఒకరు తోడినంత రెండవవారికి తగ్గును.

మఱియొక మాట. ఆ మార్పులో క్రొత్త చోట ఇముడ్చుటకు వీలుపడని ఫైళ్లను వ్యవస్థ పాఱవేయక, ‘రీలొకేటెడ్ ఐటమ్స్’ అను ఫోల్డరులో నుంచి, డెస్కుటాపుపై దానికి దారి చూపును. ఇల్లు మాఱినప్పుడు చోటు దొరకని సామానును వసారాలో నుంచుట వంటిదే యిది. లోపల నేమున్నదో చూడక చెఱుపరాదు.

విండోస్ ఉన్న యిండ్లలో

విండోస్ పెద్ద అప్డేటు చేసికొన్నప్పుడు పాత వ్యవస్థను వెంటనే తీసివేయదు. ‘విండోస్ డాట్ ఓల్డ్’ అను ఫోల్డరులో దాచును. క్రొత్తది నచ్చకున్న పాతదానికి మరలుటకే ఇది. సి డ్రైవులో అకస్మాత్తుగా పది గిగాబైట్లకు పైగా చోటు తగ్గినచో మొదట అనుమానింపవలసినది దీనినే. సాధారణముగా 10 దినములు గడచిన పిదప అది తానే పోవును. అంతలోనే చోటు కావలసినచో సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందు స్టోరేజి, అందు టెంపరరీ ఫైల్స్ అను చోట దానిని తొలగించు వీలున్నది. కాని తొలగించిన పిదప వెనుకకు మరలు దారి మూసికొనిపోవును. మా సలహా ఆ పది దినములు ఓపిక పట్టవలెననియే.

ఇక క్రొత్త డ్రైవు కనబడుట. 2018 ఏప్రిలులో వచ్చిన విండోస్ 10 అప్డేటు పిదప, అంతవఱకు మఱుగున నున్న చిన్న రికవరీ వాటాకు కొన్ని కంప్యూటర్లలో ఒక అక్షరము తగిలి, అది క్రొత్త డ్రైవువలె కనబడసాగెను. ఆ వాటా చిన్నది. దాదాపు నిండియే యుండును. అందుచే ‘డిస్కులో చోటు లేదు’ అను హెచ్చరిక మాటిమాటికి వచ్చెను. నిజమునకు ఇంటివారి డ్రైవులో చోటున్నది. ఇట్టి సమయమున చేయవలసినది ఆ డ్రైవునకు తగిలిన అక్షరమును తీసివేయుట. వాటాను చెఱిపివేయుట కాదు. కంప్యూటరు తెఱచుకొననినాడు దానిని బాగుచేయు సాధనములు అందే యుండును. అటకమీది నిచ్చెన నిత్యము పనికిరాదని పొయ్యిలో పెట్టుకొందుమా?

కొలతలోని భేదము

మార్పేమియు లేకయే మార్పు తోచుటయు కలదు. ఒక యూరి కుంచము మఱియొక యూరి కుంచమునకు సరిపోదని మనవారికి తెలియనిది కాదు. డిస్కు అమ్మువారు గిగాబైటనగా నూఱు కోట్ల బైట్లని లెక్కింతురు. విండోస్ 107 కోట్ల చిల్లరగా లెక్కించును. అందుచేతనే 500 గిగాబైట్లని కొన్న డిస్కు విండోస్‌లో 465 గానే కనబడును. అంగడివాడు మోసగించినాడనుకొనరాదు. 2009లో వచ్చిన మాక్ ఓయస్ స్నో లెపర్డ్ తన కుంచమును మార్చి, అమ్మువారి లెక్కనే అనుసరించెను. ఆ యప్డేటుతో డిస్కులు ఒక్క బైటైనను పెరుగకయే పెద్దవిగా కనబడినవి. ఫైళ్లును అట్లే పెద్దవిగా కనబడినవి.

నిజముగా నష్టము కలిగిన సందర్భము

అన్నియు కనుల భ్రాంతియే యని మేము చెప్పుట లేదు. 2018 అక్టోబరులో మైక్రోసాఫ్టు సంస్థ వెలువరించిన విండోస్ 10 అప్డేటు కొందఱి ఫైళ్లను నిజముగనే చెఱిపివేసినది. సి డ్రైవులో చోటు చాలక కొందఱు తమ డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను వేఱొక చోటికి మార్చుకొనియుండిరి. కాని పాత ఫైళ్లు కొన్ని పాత చోటనే మిగిలియుండెను. ఆ యప్డేటు పాత ఫోల్డర్లను అనవసరపు నకళ్లని యెంచి, లోపలి ఫైళ్లతో కూడ తుడిచివేసెను. సంస్థవారు కొద్ది దినములలోనే దానిని నిలిపి, దిద్ది, నవంబరు 13న తిరిగి వెలువరించిరి. ఇట్లు జరిగినట్లు తెలిపినవారు పదివేలలో ఒకరు మాత్రమేనని చెప్పిరి. కావచ్చును. కాని ఆ యొక యింట పోయినవి గతించిన తల్లి ఫొటోలైనచో, తక్కిన తొమ్మిదివేల తొమ్మిదివందల తొంబదితొమ్మిది యిండ్లు క్షేమముగా నున్నవను మాట ఆ యింటివారికి ఓదార్పగునా?

గృహిణులు చేయదగినవి

ఒకటి. అప్డేటునకు ముందే ముఖ్యమైన ఫొటోలు, కాగితములు బయటి హార్డు డిస్కులోనికి నకలు తీసి, ఆ డిస్కును కంప్యూటరునుండి విడదీసి బీరువాలో నుంచవలెను. అదే కంప్యూటరులో మఱియొక డ్రైవున నుంచిన నకలు, దొంగ వచ్చిన యింటిలోనే నగలను ఒక పెట్టెనుండి మఱియొక పెట్టెకు మార్చినట్లగును.

రెండు. పద్దు పుస్తకములో ఒక పుట తీసి, ఏ డ్రైవు పేరేమి, మొత్తమెంత, ఖాళీ యెంత యని తేదీతో వ్రాసికొనవలెను. అప్డేటు పిదప తిరిగి చూచి పోల్చుకొన్నచో ఏది క్రొత్తదో, ఏది పాతదో నిమిషములో తేలును. ఐదు పంక్తుల పనియే ఇది.

మూడు. డిస్కునకు బిట్‌లాకర్ అను తాళమున్నదేమో ముందే విచారింపవలెను. 2024 జులైలో వచ్చిన యొక అప్డేటు పిదప కొన్ని విండోస్ కంప్యూటర్లు 48 అంకెల తాళపుచెవి చెప్పినగాని తెఱచుకొనలేదు. ఇంటిలో వాడు కంప్యూటర్లకు ఈ యంకెలు సాధారణముగా మైక్రోసాఫ్టు ఖాతాలో దాచబడియుండును. వానిని కాగితముపై వ్రాసి భద్రపఱచవలెను. కంప్యూటరులోనే వ్రాసియుంచుట తాళపుచెవిని లోపల పెట్టి తలుపు వేయుట.

నాలుగు. అప్డేటు పిదప పాత ఫొటోలు నాలుగు, కాగితములు రెండు తెఱచి చూడవలెను. అవి సరిగానున్నచో మొదటి భయము తీరును. ఏవైన కనబడకున్నచో కంప్యూటరులో క్రొత్త ఫైళ్లేమియు చేర్పక, బయటి నకలును చూచుకొని, ఆ పని తెలిసినవారిని పిలువవలెను.

ఐదు. పేరు తెలియని వాటాను, ఎవరిదో తెలియువఱకు చెఱుపరాదు. చోటు కావలెనన్న వ్యవస్థ చూపిన మార్గముననే తీయవలెను. చెఱిపిన వెంటనే చోటు పెరుగలేదని మఱికొన్ని చెఱుపవద్దు. మాక్ కంప్యూటరులో టైమ్ మెషీన్ నడుచుచున్నచో, అది పాత స్థితిని ఒకదినమువఱకు డిస్కులోనే పట్టియుంచును. పిదప ఆ చోటు తానే విడుదలయగును.

పెక్కిండ్లలో కంప్యూటరు వ్యవహారము పురుషులదనియో, చదువుకొను పిల్లలదనియో విడిచిపెట్టుట వాడుకైనది. కాని అందున్న ఫొటోలను ఏర్చి కూర్చినది, రసీదులను జాగ్రత్తపెట్టినది పలుచోట్ల ఇల్లాలే. వస్తువులు తనవైనప్పుడు వాటా తెలిసికొనుటయు తన పనియే. ఈ నెలలో ఒక మధ్యాహ్నము తీఱిక చేసికొని, పద్దు పుస్తకములో ఆ యైదు పంక్తులు వ్రాసియుంచవలసినదని మా సోదరీమణులను కోరుచున్నాము.